ఇంట్లో రీలోడింగ్: మొదటి యాభై రివాల్వర్ తూటాలు ఎలా చేయాలి

కాల్చిన కేసులను ఇంట్లో మళ్లీ నింపి తూటాలు చేసుకోవడమే రీలోడింగ్. నా మొదటి యాభై తూటాలకు ఒక శనివారం మధ్యాహ్నమంతా పట్టింది. ఇప్పుడు అదే పని గంటన్నరలో అవుతుంది. ఈ పనిలో చేతి నేర్పు పెద్దగా అక్కర్లేదు. యంత్రం మీట కిందికి లాగడం, పైకి వదలడం, అంతే. శ్రమంతా కళ్లది. ఎక్కడ ఆగి చూడాలో తెలిస్తే సగం పని వచ్చినట్టే, చూడకుండా దాటేసే అలవాటు ఉంటే ఈ పని జోలికి రాకపోవడమే మంచిది.

ఇది అమెరికాలో ఉంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడ సొంత వాడకానికి ఇంట్లో తూటాలు నింపుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు, దానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. అమ్మడానికి చేస్తే మాత్రం కావాలి. ఇండియాలో సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. రివాల్వర్ ఉంచుకోవడానికి ఇచ్చిన కాగితంతో ఆ హక్కు రాదు. కాబట్టి అక్కడివారు దీన్ని కుతూహలం కొద్దీ చదువుకోవలసిందే.

అమెరికాలో ఉన్నా మనలో చాలామందికి ఇంకో అడ్డు ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి మాత్రమే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదని కేంద్ర చట్టం చెబుతోంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటి మీద ఆధారపడదలిస్తే ముందు వకీలుతో మాట్లాడండి, స్నేహితుడి మాట నమ్మి కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ పౌరులకూ ఈ అడ్డు లేదు. ఆపైన రాష్ట్రాల నిబంధనలు, అద్దె ఇంటి ఒప్పందం, బీమా షరతులు ఉంటాయి. నేను గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఆగాను. అన్నేళ్లూ రీలోడింగ్ మాన్యువళ్లు, అంటే మందు తూకాలు ఇచ్చే పుస్తకాలు చదువుతూ గడిపాను. ఇప్పుడు చూస్తే ఆ చదువే ఎక్కువ పనికొచ్చింది.

నాలుగు భాగాలు

మన పత్రికల్లో తూటా, బుల్లెట్, గుండు అన్నీ ఒకటే. ఈ బల్ల దగ్గర అలా కుదరదు. తూటా అంటే నాలుగు భాగాలు కలిసిన మొత్తం వస్తువు: ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బకు పేలి మందును అంటించే ప్రైమరు, లోపల మందు, మూతికి బిగించిన బుల్లెట్. కాల్చాక బుల్లెట్ ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు పని అయిపోతుంది. ఇత్తడి కేసు మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది అదే. దాన్ని మళ్లీ నింపుకోవడమే రీలోడింగ్.

మందు అనే మాటతో కాస్త జాగ్రత్త. మన భాషలో జబ్బుకూ, చేనుకూ, తుపాకికీ, సాయంత్రం సరదాకూ ఒకటే మాట. ఆ చివరి మందు ముట్టిన రోజు ఈ మందు ముట్టకూడదు. ఒక్క బీరు తాగినా సరే, బల్ల మీద గుడ్డ కప్పేయండి.

.38 స్పెషల్‌తో ఎందుకు మొదలుపెట్టాలి

నేర్చుకోవడానికి నా సలహా .38 స్పెషల్, అంటే రివాల్వర్ తూటా. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో ఉన్నది 9 మిల్లీమీటర్ల పిస్టలే, కాదనను. కానీ 9 మిల్లీమీటర్ల తూటా దుకాణంలోనే చవక, రీలోడింగ్‌తో మిగిలేది అంతంతమాత్రం. పైగా అది చిన్న కేసు, ఒత్తిడి ఎక్కువ. అమెరికన్ ప్రమాణాల ప్రకారం దాని గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మామూలు .38 స్పెషల్‌కు 17,000. 9 మిల్లీమీటర్ల తూటాలో బుల్లెట్ అనుకోకుండా కాస్త లోపలికి దిగితే పీడనం చటుక్కున పెరుగుతుంది. .38 కేసు పొడవైనది, నిటారైనది, పట్టుకోవడం తేలిక. కాల్చాక కేసులు రివాల్వర్ లోపలే ఉంటాయి, గడ్డిలో పడి పోవు. ఒక్కో కేసును చాలాసార్లు వాడుకోవచ్చు.

అయితే ఈ సాధువైన తూటాలో ఒక మోసం దాగి ఉంది. స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1898లో దీన్ని తెచ్చినప్పుడు కేసు నిండా పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) పోసేవారు. నేటి పొగరాని మందు అంతకంటే ఎన్నో రెట్లు చురుకైనది, కొద్దిగా చాలు. కొన్ని మందులతో కేసు మూడోవంతు కూడా నిండదు. అంటే పొరపాటున రెండుసార్లు పోసినా పొర్లదు, మీకు తెలియదు. దాని మీద బుల్లెట్ చక్కగా కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు రివాల్వర్ సిలిండర్, అంటే తూటాలు కూర్చునే తిరిగే భాగం, పగిలిపోవచ్చు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే ఇదే గుర్తుంచుకోండి: .38లో భయపడవలసింది ఆ ఖాళీ చోటుకు.

ఏమేం కొనాలి

ముందు మాన్యువల్. లైమన్, హార్నడీ, స్పీర్, లీ వంటి సంస్థలు వేస్తాయి. ఒకటి కాదు, రెండు కొనండి. మందు అమ్మే హాడ్జ్‌డన్ వంటి సంస్థలు కొలతలను ఉచితంగానూ ఇస్తాయి. ఏ బుల్లెట్‌కు ఏ మందు ఎంత తూకం అన్నది వాటిలోంచే తీసుకోవాలి. ఈ వ్యాసంలో మందు తూకం ఒక్క అంకె కూడా ఇవ్వను, కావాలనే. ముక్కూమొహం తెలియనివాడు రాసిన అంకెను తూటాలో పోయకూడదని నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు.

తరువాత ప్రెస్, అంటే మీట లాగి కేసులను నొక్కే యంత్రం. ఒక్కసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ తీసుకోండి. మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా రాలే ప్రోగ్రెసివ్ యంత్రాలు దుకాణంలో ఊరిస్తాయి. వాటిలో ఒకేసారి నాలుగైదు పనులు జరుగుతుంటాయి, ఏది తప్పిందో కొత్తవారి కంటికి అందదు. సింగిల్ స్టేజ్ ప్రెస్ తరువాతా వృథా కాదు, నాది ఇప్పటికీ బల్ల చివర ఉంది. దానికి .38 స్పెషల్ కార్బైడ్ డైల సెట్టు కావాలి, డై అంటే కేసును నొక్కే అచ్చు. కార్బైడ్ అయితే కేసులకు నూనె రాయనక్కర్లేదు. కేసును అడుగున పట్టి ఉంచే షెల్ హోల్డర్, ప్రైమరు ఎక్కించే పరికరం, మందు కొలిచి పోసే పౌడర్ మెజర్, గరాటు, యాభై గుంటలున్న లోడింగ్ బ్లాక్, పొడవు కొలిచే కాలిపర్, తప్పు చేసిన తూటాను విప్పే సుత్తిలాంటి బుల్లెట్ పుల్లర్, కళ్లద్దాలు. మామూలు చత్వారపు అద్దాలు చాలవు, పక్కలు కూడా కప్పేవి కావాలి.

తూకం దగ్గర పిసినారితనం వద్దు. ఇక్కడ బరువు లెక్క గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకు 7,000 గ్రెయిన్లు. మన పాత బంగారు లెక్కలో తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు, గురివింద గింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. .38లో తరచుగా వాడే 158 గ్రెయిన్ల బుల్లెట్ తులానికి కాస్త తక్కువన్నమాట. మందు మాత్రం కొన్ని గురివిందల ఎత్తే, అందులోనూ గ్రెయిన్‌లో పదోవంతు తేడా లెక్కలోకి వస్తుంది. కంసాలి దుకాణంలో త్రాసును గాజు పెట్టెలో ఎందుకు పెడతారో మొదటిసారి ఫ్యాను కింద తూచినప్పుడు అర్థమైంది. ముల్లు ఊగుతూనే ఉంది. ఏసీ గాలి తగలని చోట, కదలని బల్ల మీద పెట్టండి. త్రాసుతోపాటు సరిచూసుకునే చిన్న తూకపు రాళ్లు కూడా కొనండి, ప్రతిసారీ పని మొదలుపెట్టేముందు వాటిని వేసి చూడండి.

ఎక్కడ పెట్టుకోవాలి

వంటింట్లో వద్దు, డైనింగ్ టేబుల్ మీద అసలే వద్దు. కాల్చిన కేసుల్లో, పాత ప్రైమర్లలో సీసం ఉంటుంది. అది దుమ్ముగా మారి చేతులకూ బట్టలకూ పడుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో తివాచీ పరిచిన గది కూడా పనికిరాదు. నాది గ్యారేజీ మూల. చెప్పులు అక్కడే విప్పుతాను, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తలుపు గడియ ముట్టుకుంటాను. బయటి చెప్పులు ఇంట్లోకి తీసుకురాని మన పద్ధతి ఇక్కడ నిజంగానే కాపాడుతుంది.

మందును అది వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. గాలి చొరని ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రమనిపిస్తుంది, కానీ నిప్పంటుకుంటే ఆ బీరువానే బాంబు అవుతుంది. చల్లని, పొడి చోట చెక్క అల్మరా మేలు, పిల్లలకు అందకుండా తాళం ఉండాలి. ప్రైమర్లను కూడా వాటి అట్టపెట్టెల్లోనే ఉంచండి. సీసాలో పోస్తే ఒకటి పేలితే అన్నీ పేలుతాయి. వేసవిలో మా గ్యారేజీ పొయ్యిలా ఉంటుంది కాబట్టి మందు, ప్రైమర్లు ఇంట్లో చల్లగా ఉండే ఒక అరలో ఉంటాయి, పని ఉన్నప్పుడే బయటికి వస్తాయి.

కేసులు ఏరడం, శుభ్రం చేయడం

కాల్చిన కేసులను పళ్లెంలో పరిచి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరండి. మూతి దగ్గర నిలువు పగులు ఉన్నవి పక్కన పడేయండి. అల్యూమినియం, ఇనుముతో చేసినవీ అంతే. అయస్కాంతం పెడితే ఇనపవి దొరికిపోతాయి. లోపలికి దీపం వేసి చూస్తే అడుగున మధ్యలో ఒకే రంధ్రం కనపడాలి. రెండు చిన్న రంధ్రాలుంటే అది బెర్డాన్ రకం, మన పరికరాలతో దాని ప్రైమరు రాదు. తమాషా ఏమిటంటే బెర్డాన్ అమెరికన్, ఆయన పద్ధతి యూరప్‌లో స్థిరపడింది. ఒకే రంధ్రం ఉన్న పద్ధతి కనిపెట్టిన బాక్సర్ ఇంగ్లిషువాడు, అది అమెరికాలో స్థిరపడింది.

శుభ్రం చేయడానికి మొక్కజొన్న కండెల నూక పోసి కేసులను దొర్లించే టంబ్లర్ వాడతాం. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ ఆ యంత్రం గంటలకొద్దీ గిరగిరమంటుంటే చూసి, "దీనికి ఇంత హడావిడి ఎందుకురా, చింతపండు పెట్టి తోమితే పోదా?" అంది. బిందెలకైతే పోతుంది. కేసులకు తళతళ ముఖ్యం కాదు, మట్టీ మసీ పోతే చాలు. పొడిగా దొర్లిస్తే లోపల తడి మిగలదు, అదే లాభం. అమ్మోనియా ఉన్న మెరుగు ద్రావణాలు మాత్రం దగ్గరికి రానీయకండి. బ్రిటిషువారి కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుసాలల్లో దాచిన తూటాల ఇత్తడి కేసులు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా అందుకు కారణమని 1921లో తేల్చారు.

నూకలోంచి కేసులను జల్లెడ పట్టేటప్పుడు లేచే దుమ్ములోనే సీసం ఉంటుంది. ఆరుబయట, గాలి వాలు చూసుకుని, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయండి.

కేసును సైజుకు తేవడం

కాల్చినప్పుడు కేసు ఉబ్బి సిలిండర్ గుంట గోడలకు అతుక్కుంటుంది. దాన్ని మళ్లీ పాత కొలతకు నొక్కేది మొదటి డై. దాన్ని ప్రెస్‌లో ఎంతవరకు బిగించాలో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, ఆ కాగితాన్ని పారేయకండి. కేసును షెల్ హోల్డర్‌లోకి జార్చి మీట లాగితే గట్టిగా లోపలికి పోతుంది, చివర టక్కుమని పాత ప్రైమరు ఊడి పడుతుంది. మీట అనుకున్నదానికంటే బరువుగా అనిపిస్తే బలం పెంచకండి, ఆగండి. కేసు వంకరగా ఉందో, లోపల చిన్న కేసు ఇరుక్కుందో చూడండి. యాభైకీ ఇది పూర్తయ్యాకే రెండో డైకి వెళ్లాలి. సింగిల్ స్టేజ్ పద్ధతి అంటే ఇదే, ఒక పని యాభైకీ పూర్తి చేసి తరువాతి పని.

రెండో డై మూతిని కొంచెం విప్పుతుంది, బుల్లెట్ అడుగు అందులో నిలబడటానికి. కొంచెమంటే కొంచెమే. వేలు పెట్టి నిమిరితే అంచు తగలాలి, కంటికి కనపడీ కనపడనట్టుండాలి. సన్నాయి చివరలా విచ్చుకుంటే ఎక్కువైనట్టు. అలాంటి కేసు నాలుగైదుసార్లకే మూతి దగ్గర చీలుతుంది. నేను మొదటి ఇరవై కేసులను సన్నాయిలే చేశాను.

ప్రైమరు

.38 స్పెషల్‌కు చిన్న పిస్టల్ ప్రైమరు కావాలి. కందిపప్పు బద్దంత ఉంటుంది, తూటా మొత్తంలో దెబ్బకు పేలేది అదే. కళ్లద్దాలు లేకుండా దీన్ని ముట్టుకోకూడదు. నూనె చేతులతో పట్టుకుంటే పాడవుతుంది. కేసు అడుగున ఉన్న గుంటలోకి నిదానంగా, ఒకే ఒత్తిడితో దించండి. దిగాక చూపుడు వేలితో అడుగు నిమరండి. ప్రైమరు అంచు కంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి తేలి ఉంటే రివాల్వర్ సిలిండర్ తిరగదు, లేదా మొదటి దెబ్బకు పేలదు. వేలి కొసకు తెలిసినంత బాగా కాలిపర్‌కు కూడా తెలియదు. వంకరగా దిగినదాన్ని బలంగా సరిచేయాలని చూడకండి, ఆ కేసును పక్కన పెట్టండి.

మందు పోయడం

ఇక్కడ ఫోను ఆపేయండి. టీవీ, పాటలు కూడా.

బల్ల మీద ఒకే డబ్బా మందు ఉండాలి. రెండో డబ్బా గదిలోనే ఉండకూడదు. పేర్లు పోలినంత మాత్రాన మందులు ఒకటి కావు. 4350 అనే అంకెతో మూడు బ్రాండ్ల రైఫిల్ మందులున్నాయి, మూడూ వేరు. మాన్యువల్‌లో మీ బుల్లెట్ బరువు, మీ మందు పేరు అక్షరం పొల్లుపోకుండా వెతకండి. పక్కన మొదలు తూకం, గరిష్ఠ తూకం అని రెండు ఉంటాయి. మొదలు తూకమే తీసుకోండి. రెండు మాన్యువళ్లలో అంకెలు కొద్దిగా తేడాగా ఉంటే తక్కువదాన్ని తీసుకోండి. గరిష్ఠం ఇచ్చారు కాబట్టి అక్కడిదాకా వెళ్లాలని ఎవరూ చెప్పలేదు. కాగితం మీద గురిపెట్టేవాడికి తుపాకి వెనక్కి తన్నడం తక్కువ ఉండటమే సుఖం.

త్రాసును సున్నాకు తెచ్చి, తూకపు రాయి వేసి చూడండి. పౌడర్ మెజర్ నుంచి మొదటి పది పోతలను తూచి మళ్లీ డబ్బాలో పోసేయండి. లోపల మందు సర్దుకునేదాకా తూకం నిలవదు. నిలిచాక కూడా మొదటి యాభైలో ప్రతిదాన్నీ తూచండి. అలవాటయ్యాక పదింటికొకటి తూచవచ్చు.

ఇప్పుడు ముఖ్యమైన పద్ధతి. ప్రైమరు ఎక్కించిన యాభై కేసులనూ లోడింగ్ బ్లాక్‌లో మూతి కిందికి బోర్లించి పెట్టండి. ఒకటి తీసి, తిప్పి, మందు పోసి, మూతి పైకి ఉండేలా గుంటలో నిలబెట్టండి. బోర్లా ఉన్నది ఖాళీ, నిలబడ్డది నిండినది. మధ్యలో ఎవరు పిలిచినా, తుమ్ము వచ్చినా ఎక్కడ ఆగారో బ్లాకే చెబుతుంది. బోర్లించిన కేసులో మందు ఉండే అవకాశమే లేదు.

నేను మొదట్లో ఇలా చేసేవాడిని కాదు. అన్నిటినీ నిలబెట్టి వరసగా పోసుకుంటూ పోయేవాడిని. ఒకసారి శనివారం రాత్రి ఇండియా నుంచి ఫోను వచ్చింది, అక్కడ ఆదివారం ఉదయం. పది నిమిషాలు మాట్లాడి వచ్చి, మూడో వరసలో ఎక్కడ ఆపానో అక్కడినుంచే అనుకుని మొదలుపెట్టాను. అంతా అయ్యాక టార్చి తీసుకుని పైనుంచి చూస్తుంటే ఒక కేసులో మందు మట్టం పక్కవాటికంటే ఎత్తుగా కనిపించింది. తేడా గోరంత కూడా లేదేమో అనిపించింది. త్రాసులో పోస్తే సరిగ్గా రెట్టింపు. యాభై కేసులనూ డబ్బాలోకి ఒంపేసి, బల్ల తుడిచి, లైటు ఆపి పడుకున్నాను. ఆ రాత్రి పనిని ముందుకు సాగించే ధైర్యం రాలేదు.

కాబట్టి బుల్లెట్ పెట్టడానికి ముందు టార్చి వేసి యాభై కేసుల లోపలికీ చూడడం తప్పనిసరి. మడిలో నీళ్లు సమంగా ఉన్నాయో లేదో గట్టు మీద నిలబడి చూసినట్టు, వరస తరువాత వరస. ఎక్కువ ఉన్నదాని కోసం ఎంత వెతకాలో, అసలు లేనిదాని కోసమూ అంతే. మందు లేని తూటాలో ప్రైమరు ఒక్కటే బుల్లెట్‌ను తోస్తుంది, అది గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం పోతుంది, ఒక్కోసారి చెయ్యి కూడా. అనుమానం వచ్చిన కేసును సరిచేయాలని చూడకండి. ఒంపేసి కొత్తగా పోయండి.

పని అయిపోగానే మెజర్‌లో మిగిలిన మందును అదే డబ్బాలోకి ఒంపండి. రేపు చేద్దామని వదిలేస్తే రేపటికి అది ఏ మందో గుర్తుండదు. పేరు తెలియని మందు తోటకు ఎరువే, తూటాకు పనికిరాదు.

బుల్లెట్ దించడం, మూతి బిగించడం

మొదటి యాభైకి 158 గ్రెయిన్ల సీసపు బుల్లెట్ గానీ, 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ గానీ మంచివి. వాడ్‌కట్టర్ అంటే ముందు భాగం బల్లపరుపుగా ఉండేది. కాగితంలో పంచింగ్ యంత్రం పొడిచినంత శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేస్తుంది, లెక్కపెట్టడం తేలిక. మాన్యువల్‌లో ఏ రకం బుల్లెట్‌కు లెక్క ఇచ్చారో ఆ రకమే వాడాలి. బరువు ఒకటే అయినా ఆకారం మారితే లెక్క మారుతుంది. అడుగున గుంట ఉన్న మెత్తటి వాడ్‌కట్టర్ మరీ సున్నితం, దానికి విడి లెక్కలుంటాయి.

మూడో డై బుల్లెట్‌ను దించుతుంది, అదే డై మూతిని కూడా లోపలికి మడుస్తుంది. ఒకేసారి రెండూ చేయవచ్చంటారు, కొత్తలో విడిగా చేయండి. ముందు యాభైకీ బుల్లెట్లు దించండి. బుల్లెట్ చుట్టూ ఉన్న గాడి కేసు మూతి దగ్గరికి రావాలి. ఆకారాన్ని బట్టి మొత్తం పొడవు ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఏ .38 స్పెషల్ తూటా అయినా 1.550 అంగుళాలు దాటకూడదు. తరువాత డైని సర్ది మూతిని గాడిలోకి ముడవండి. రివాల్వర్‌కు ఈ ముడత గట్టిగానే ఉండాలి. లేకపోతే పక్క తూటా పేలినప్పటి కుదుపుకు బుల్లెట్ ముందుకు జారి సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. 9 మిల్లీమీటర్లు, .45 ఆటో వంటి పిస్టల్ తూటాలకు మాత్రం ఇలా ముడవకూడదు. అవి గొట్టంలో కేసు మూతి మీదే ఆనుకుంటాయి, మూతిని నిటారుగా నొక్కి వదలాలి.

చివరగా, తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సిలిండర్‌ను విడిగా తీయగలిగితే తీసి, ఒక్కో తూటానూ గుంటలో వేసి చూడండి. దాని బరువుకు అదే జారాలి, తట్టితే అదే రావాలి. వీలుకాకపోతే ఈ కొలతకే చేసిన ఇనప గేజి దొరుకుతుంది.

పెట్టె మీద చీటీ అతికించండి: తేదీ, బుల్లెట్ రకం, బరువు, మందు పేరు, తూకం, ప్రైమరు కంపెనీ, మొత్తం పొడవు, ఈ కేసులు ఎన్నోసారి వాడుతున్నది. చీటీ లేని తూటాలు ఎంత బాగున్నా విప్పేయవలసినవే.

కాల్చి చూడడం

గదుల్లో ఉండే కొన్ని కాల్పుల రేంజిల్లో రీలోడ్లు ఒప్పుకోరు, కొన్నిచోట్ల పూత లేని సీసం వద్దంటారు. వెళ్లేముందు అడగండి. కళ్లకు, చెవులకు రక్షణ పెట్టుకుని, మొదట సిలిండర్‌లో ఒక్కటే వేసి కాల్చండి. శబ్దం ఎప్పటిలాగే ఉందా, కాగితం మీద రంధ్రం పడిందా చూడండి. ఠాప్‌మని నీరసంగా మోగితే వెంటనే ఆపాలి. తుపాకి మూతి గురివైపే ఉంచి అర నిమిషం ఆగి, ఖాళీ చేసి, గొట్టంలోకి కడ్డీ దూర్చి అడ్డు లేదని తేలాకే ముందుకు వెళ్లాలి. అసలు పేలకపోయినా అంతే, అర నిమిషం ఆగండి, కొన్ని ఆలస్యంగా పేలతాయి.

అన్నీ బాగున్నాయనిపిస్తే సిలిండర్ నింపండి. ఒక్కటి మిగిల్చి మిగతావి కాల్చి, మిగిలిన తూటా పొడవు కాలిపర్‌తో కొలవండి. కాల్చకముందు కొలతే ఉంటే మీ ముడత సరిపోయింది. పెరిగితే బిగువు చాలలేదు. కేసులు వేలితో నెట్టగానే రావాలి. అతుక్కుని తట్టవలసి వస్తే పీడనం ఎక్కువైనట్టే, మిగతావి కాల్చకుండా ఇంటికి తీసుకెళ్లి విప్పేయండి.

మీ తూటాలు మీ తుపాకికే. బావమరిది వచ్చాడని ఒక పెట్టె చేతిలో పెట్టకండి, ఎవరైనా ప్రేమగా ఇచ్చినవీ కాల్చకండి. ఇంట్లో నింపిన తూటాలు వాడి తుపాకి పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు.

ఇక రేంజికి తీసుకెళ్లే సంచి. దాన్ని దానికే కేటాయించండి, పేరు కూడా రాసి పెట్టండి. ఆఫీసు సంచి, జిమ్ము సంచి, ఊరికి వెళ్లే సంచి ఒకటే అయితే అడుగు కుట్టులోకి ఒక తూటా ఎప్పుడో జారుతుంది. హైదరాబాద్‌కు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు శంషాబాద్‌లో స్కానర్ దాన్ని పట్టుకుంటుంది, మరిచిపోయానంటే కుదరదు, ఆయుధాల చట్టం కింద కేసు. పెట్టె సర్దేముందు సంచిని బోర్లించి దులపండి, జేబుల్లో వేళ్లు పెట్టి చూడండి, ఖాళీ ఇత్తడి కేసు దొరికినా తీసేయండి.